పొలుసు తీసిన కాలు

కృత్రిమ కాళ్లు చేసే వర్క్‌షాపులో కొత్తగా చేరిన పిల్లలు ఈ మధ్య మా ఇంటికి వస్తున్నారు. వాళ్లకి నా దగ్గర కావలసింది ఒక్కటే. కార్బన్ ఫైబర్ కాలికి రంగు వేయకుండా, నల్లటి నేత నేతలాగే పైకి కనబడేటట్టు వదిలేస్తారు చూడండి, దాన్ని రా ఫినిష్ అంటాం. అది ఎలా వస్తుందని అడుగుతారు. మేం చేస్తే మసకగా వస్తోంది మాస్టారూ, గీతలు వంకరపోతున్నాయి అంటారు. చెబుతాను. టీ చల్లారేలోగా చెప్పెయ్యగలిగిన విద్యే అది. దాని వెనక ఉన్న సంగతి మాత్రం టీ తాగుతూ చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను.

నా ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు.

కుర్రతనంలో, మిడిల్ అండమాన్‌లో మా నాన్న పనిచేసే కలప డిపోలో పడౌక్ దుంగ దొర్లి మీద పడింది. మెయిన్‌ల్యాండ్‌కి తీసుకెళ్లి కాలు పెట్టించారు. పెట్టిన చోటే పని నేర్చుకుని, ఓడెక్కి తిరిగొచ్చి, పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగంలో చేరాను. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా నా కాళ్లు నేనే చేసుకున్నాను. వర్క్‌షాపులో వాళ్లకి తెలుసు. మా ఆవిడకి తెలుసు. కాలు చేయించుకోవడానికి వచ్చిన వాళ్లకి తెలియదు. మేముండే డైరీ ఫార్మ్ పేటలో మా వీధి వాళ్లకి మోకాలి నొప్పి అని చెప్పాను. ఊళ్లో సగం మందికి మోకాళ్ల నొప్పులే కాబట్టి ఎవరూ రెట్టించి అడగలేదు. లుంగీతో గుమ్మం దాటింది లేదు. పిల్లల్ని బీచికి తీసుకెళ్లినా ప్యాంటుతోనే ఇసుకలో కూర్చునేవాణ్ని.

కాళ్లు చేసేవాడికే కాలు లేదంటే రోగులకి నమ్మకం పోతుందని నాకు నేను చెప్పుకునేవాణ్ని. అది అబద్ధం. నన్ను కుంటివాడంటారని దాచాను. అంతకు మించి కారణమేమీ లేదు.

చొక్కా లాంటిది రంగు

నేను చేరేనాటికి వర్క్‌షాపుకి పెద్ద ఘోష్ బాబు. కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని వాటి కోసం బల్లంతా వెతికే మనిషి. కాలు పోయాక మిగిలిన భాగాన్ని మేము స్టంపు అంటాం. దాన్ని వేళ్లతో తడిమి, ఎక్కడ నొక్కాలో ఎక్కడ వదలాలో ఆయన చెప్పేవాడు. ఆ చెయ్యి నాకు ఎప్పటికీ రాలేదు. రంగు విషయం ఎత్తితే మాత్రం విసుక్కునేవాడు.

"దేఖో రావు, రంగ్ తో కుర్తా హై. దర్ద్ అందర్ హోతా హై."

రంగు చొక్కా లాంటిది, నొప్పి లోపల ఉంటుంది అని. నేను ఆ మాట చెవిన పెట్టలేదు. ఎందుకంటే నాకు చెయ్యి తిరిగింది రంగులోనే. అచ్చు మీద పోసే రెసిన్ అనే జిగురులో రంగు ముద్ద కలిపి, మనిషి రెండో కాలికి సరిపోయే ఛాయ తెప్పించేవాణ్ని. శ్రీకాకుళం వాళ్ల నలుపు వేరు, రాంచీ వాళ్ల నలుపు వేరు. బెంగాలీ చామనఛాయలో కాస్త పసుపు పడాలి. చీర అంచు కింద, ప్యాంటు అంచు కింద ఏది అసలుదో ఏది చేసిందో ఎవరూ పట్టుకోలేకపోతే ఆ పూట నాకు పండగ.

ఒకసారి కార్ నికోబార్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన ఛాయ తెప్పించడానికి నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. సంతోషంగా ఓడెక్కి వెళ్లాడు. ఎండాకాలం అయ్యాక తిరిగొచ్చి రెండు కాళ్లూ నా స్టూలు మీద పక్కపక్కన పెట్టాడు. "మాస్టర్, ధూప్ మే మేరా వాలా కాలా హో గయా. ఆప్‌కా వాలా గోరా హీ రహ్ గయా" అని కడుపుబ్బ నవ్వాడు. ఎండకి ఆయన కాలు నల్లబడింది, నా కాలు తెల్లగానే ఉండిపోయింది. ఘోష్ బాబు కూడా నవ్వాడు. నాకు మాత్రం ఉక్రోషం వచ్చింది. మళ్లీ రంగు కలిపి పూసిస్తానన్నాను. ఆయన అక్కర్లేదని, స్టంపు దగ్గర ఒరుసుకుంటున్న చోటు మాత్రం సరిచేయమని అడిగాడు. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది.

కొత్తవాళ్లకి ఇంకో మాట. కాళ్లు పంచే సభల్లో ఫోటోలు తీస్తారు. రంగు బాగుంటే ఫోటో బాగుంటుంది. ఫిట్టింగ్ ఫోటోలో పడదు. ఆ ఫోటోల్లో నేను చాలాసార్లు వెనక వరసలో నవ్వుతూ నిలబడ్డాను.

నూకరత్నం

నూకరత్నం చేపల మార్కెట్లో చేపలు కోసి శుభ్రం చేసి ఇస్తుంది. మాలాగే ఉత్తరాంధ్ర నుంచి తాతల నాడు వచ్చిన కుటుంబం. మొగుడు బోటు మీద వేటకి పోతాడు. అత్త సింహాచలమ్మ పక్కనే కూర్చుని రొయ్యలు ఏరుతుంది. బోటులోంచి బుట్టలు దించుతుంటే అల వచ్చి, బోటుకీ జెట్టీకీ మధ్య నూకరత్నం కుడికాలు నలిగిపోయింది. మోకాలి కింద తీసేశారు.

మొదటి కాలు నేనే చేసిచ్చాను. ఆ ఛాయ కలపడం నా పనితనంలో గొప్పదని ఇప్పటికీ అనుకుంటాను. అది అరిగాక రెండోదానికి వచ్చింది. స్టూలు మీద కూర్చుని, కాలు విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"మాస్టారూ, ఈపాలి రంగు ఎయ్యకండి."

"ఎందుకమ్మా, కలవలేదా?"

"కలిసింది. అదే గోల. చేప కొనడానికొచ్చినోళ్లు చేపని సూడరు, నా కాళ్లు సూత్తారు. కౌన్‌సా అస్లీ, కౌన్‌సా నక్లీ అని ఎతుకుతారు. నల్లగా కనబడిపోతే ఓపాలి సూసి ఊరుకుంటారు కదేటి. దాసేం కాబట్టే ఎతుకుతున్నారు."

రంగు పోయకముందు నేను అచ్చుకి తొడిగిన నల్లటి కార్బన్ గుడ్డని ఆమె మొదటిసారే చూసిందట. పాము చర్మంలా ఎంత బాగుందో, దాన్ని ఎందుకు కప్పెట్టేశారని అడిగింది.

"ఆడపిల్లవి, బాగోదమ్మా" అన్నాను.

"నాకు బాగుంటాది మాస్టారూ. నిలబడేది నేనే కదా."

పొద్దున్నించి మధ్యాహ్నం దాకా తడి నేల మీద నిలబడితేనే ఆమెకి పూట గడుస్తుంది. ఆ నిలబడే చోట జనం చూపులు ఆమెకి బరువయ్యాయి. ఆమె అడిగింది అందం కాదు, ఆ బరువు దించమని. నాకు అప్పుడు అర్థం కాలేదని చెప్పను. అర్థమయింది. నా కాలి గురించి ఎవరో మాట్లాడుతున్నట్టుండి, ఆమె మొహం చూడలేకపోయాను.

నేత కనబడాలంటే

సరే, పిల్లలు అడిగినది ఇక్కడ చెబుతాను. రంగు వేయకపోవడం అంటే పని తగ్గడం అనుకోకండి. రంగు మన తప్పులన్నిటినీ కడుపులో పెట్టుకునే తల్లి లాంటిది. అది పక్కకి తప్పుకుంటే మన చేతి పని ఎంతో బయటపడుతుంది.

నూకరత్నం అడిగేనాటికి నాకు రా ఫినిష్ రాదు. ఎవరి కాలి మీదో నేర్చుకోకూడదు కాబట్టి, నా స్టంపు అచ్చు తీసుకుని నాకే ఒక కాలు చేసుకున్నాను. మొదటిది చూసి తల తిరిగింది. ప్లాస్టర్ అచ్చు మీద గుడ్డ తొడిగి, పైన పీవీఏ అనే పల్చటి ప్లాస్టిక్ సంచి బిగించి, రెసిన్ పోసి పంపుతో గాలి లాగుతాం. ఆ సంచి జారడానికి లోపల టాల్కం పౌడర్ రాయడం మా అందరి అలవాటు. రంగు కలిపినన్నాళ్లూ ఆ పౌడర్ ఏమయిందో ఎవరూ అడగలేదు. ఇప్పుడది నల్ల నేత మీద విభూతి రేకల్లా కనబడింది. సంచి మెత్తబడడానికి తడి తువ్వాలులో చుడతాం. మెయిన్‌ల్యాండ్‌లో ఆ తడి వెంటనే ఆరుతుంది. మన వానల్లో తువ్వాలే ఆరదు, ఇక సంచి ఏం ఆరుతుంది? లోపల మిగిలిన తేమకి రెసిన్ పాలు కలిపినట్టు తెల్లబడింది. మీకు మసక వస్తున్నది ఇందుకే.

కాబట్టి పౌడర్ మానండి. సంచికి బయటి వైపు మాత్రమే తడి తగలనివ్వండి, లోపలి వైపు బల్బు వేడి దగ్గర ఆరబెట్టండి. కార్బన్ గుడ్డ మీద పైపొరగా నైలాన్ మేజోడు తొడగకండి, అది పొగమంచులా కప్పేస్తుంది. గుడ్డని ఒక చేత్తో కిందికి లాగితే నేత మెలితిరుగుతుంది. పిక్క దగ్గర విచ్చుకుని, చీలమండ దగ్గర ముడుచుకునే గుణం దానికి ఉంది. ఇద్దరు పట్టుకుని పైకీ కిందికీ సమంగా సాగదీసి, అరచేత్తో నిమిరి వదిలేయాలి. రెసిన్ తగిలాక వేలు పెట్టకూడదు. పెట్టిన వేలు అక్కడే శాశ్వతంగా కనబడుతుంది. అంచులు కోశాక పీచు లేస్తుంది. దాన్ని నున్నగా రుద్ది, బ్రష్‌తో రెసిన్ రాసి మూయాలి. రుద్దేటప్పుడు ముక్కుకి మాస్కు, చేతులకి గ్లవ్స్ లేకుండా కూర్చోకండి. ఆ ధూళి ఒంట్లో దిగితే దురదగొండి నయం.

ఇలా చేసిన రెండో కాలు అద్దంలా వచ్చింది. గీత గీతకీ కలిసింది, ఎక్కడా మచ్చ లేదు. నేను చేసిన వాటిలో అంత మంచి పని ఇంకోటి లేదు. అది తొడుక్కుని, పైన ప్యాంటు వేసుకున్నాను.

మా ఆవిడ చూసి, "ఇంత ముచ్చటగా చేసుకుని ప్యాంటులో దాస్తున్నారా? పట్టుచీర కట్టి దుప్పటి కప్పుకున్నట్టుంది" అంది. నోర్మూసుకోమన్నాను. ఆమె నోరు మూసుకునే మనిషి కాదు, అయినా ఆ రోజుకి ఊరుకుంది.

ఎవరైనా ఉన్నారా

ఆ చేతితోనే నూకరత్నం కాలు చేశాను. నా దానికి ఏమాత్రం తీసిపోలేదు. తొడిగి చూసే రోజున సింహాచలమ్మ కూడా వచ్చింది. ఘోష్ బాబు అప్పటికే రిటైరయ్యాడు. పెద్దరికం నాదే.

నూకరత్నం లేచి గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేసింది. చీర కాస్త ఎత్తిపట్టి కిందికి చూసుకుని నవ్వింది. కాలు పోయాక ఆమె కాలి వంక చూసి నవ్వడం నేను అదే చూడడం.

సింహాచలమ్మ నవ్వలేదు.

"ఇదేటి బాబూ, కాలిన కర్రలాగ? పేరంటంలో కాళ్లకి పసుపు రాత్తారు. కుచ్చిళ్లు జరిపితే ఈ నలుపు కనబడదా? ముత్తైదువ కాలేనా ఇది? రేపు దీన్ని ఎవరైనా పిలుత్తారా?"

"అత్తా, పిలిచినోళ్లే పిలుత్తారు" అంది నూకరత్నం.

"నువ్వుండవే. బాబు పెద్దోరు, బాబుని సెప్పమను."

ఆ ముసలమ్మ మీద కోపం తెచ్చుకోకండి. కోడలు నలుగురిలో చిన్నబోకూడదనే ఆమె బాధ. మొండిది కాదు. దారి చూపిస్తే నడిచే మనిషి. నూకరత్నానికి ఆ సంగతి నాకన్నా బాగా తెలుసు. అందుకే నా వైపు తిరిగి అడిగింది.

"మాస్టారూ, మన పోర్ట్ బ్లెయిర్లో ఇలాంటిది ఏసుకున్నోళ్లు ఎవరైనా ఉన్నారా? మనోళ్లలో? ఒక్కలున్నా సెప్పండి. అత్త ఒప్పుకుంటాది."

నేను ఆమెకి చేయి దూరంలో నిలబడి ఉన్నాను. నా ఎడమ ప్యాంటు కాలు లోపల అదే నేత, అదే నలుపు. వంగి అంచు పైకి లాగితే చాలు, మాట కూడా అక్కర్లేదు. నా చెయ్యి మోకాలి దాకా వెళ్లిందని కూడా గుర్తుంది. ప్యాంటు మీద దుమ్ము దులుపుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ఇక్కడ ఎవరూ లేరమ్మా. మెయిన్‌ల్యాండ్‌లో వేసుకుంటారట" అన్నాను.

"సూసేవా?" అంది సింహాచలమ్మ.

నూకరత్నం స్టూలు మీద కూర్చుంది. కాలు విప్పి నా చేతికిచ్చింది. రంగు వేయమంది.

నున్నటి రెసిన్ మీద రంగు నిలవదు. నిలవాలంటే సాండ్‌పేపర్‌తో గరుకు చేయాలి. ఆమె స్టూలు మీద కూర్చుని చూస్తుండగా ఆ అద్దాన్ని నా చేత్తో నేనే గీరాను. నేత మీద మెరుపు పోయింది, బూడిద రంగు పొడి లేచింది. తర్వాత చామనఛాయ కలిపి పూశాను. రంగు బ్రహ్మాండంగా కుదిరింది. సింహాచలమ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

పొలుసు కత్తి

కొన్నాళ్లకి నూకరత్నం ఒక్కతే వచ్చింది. కాలు విప్పి బల్ల మీద పెట్టింది. రంగు లేదు. పై నుంచి కింది దాకా గీరేసి ఉంది. కొన్నిచోట్ల నేత బయటపడింది, కొన్నిచోట్ల గాట్లు పడ్డాయి, పీచు లేచింది.

"దేనితో గీరావమ్మా ఇది?"

"పొలుసు తీసే కత్తితో. మార్కెట్ నీళ్లకి రంగు పెచ్చులు లేసిపోనాది. కుష్ఠు వచ్చినట్టు ఉన్నాది మాస్టారూ. అత్తే సూడలేక, తీసి పారెయ్యవే అన్నాది. చేపకి తీసినట్టే తీసేసేను. పీచు గుచ్చుకుంటాంది, దాని మీద ఏదైనా రాసి ఇవ్వండి."

కొత్తది చేస్తానన్నాను. ఒప్పుకోలేదు. ఫిట్టింగ్ కుదిరింది, మళ్లీ కొత్తదానికి స్టంపు అలవాటు పడేదాకా ఎవరు నిలబడతారు అంది. ఘోష్ బాబు ఉంటే ఆమెకి దండం పెట్టేవాడు. గాట్ల లోతు చూశాను. పైపైనే ఉన్నాయి, బలానికి ఢోకా లేదు. లేచిన పీచు కత్తిరించి, సన్నగా రుద్ది, తుడిచి, రంగు లేని రెసిన్ రాశాను. రాసినకొద్దీ ప్రతి గాటూ మరింత స్పష్టంగా కనబడింది. రంగు లేని రెసిన్ దేన్నీ దాచదని పైన చెప్పాను కదా.

ఆరాక తొడుక్కుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"మాస్టారూ, ఆవేళ ఇక్కడ ఎవరూ లేరన్నారు కదా. ఇప్పుడు ఒకత్తున్నాది. రేపెవరైనా ఇలాగే అడిగితే నా పేరు సెప్పండి. మార్కెట్‌కి పంపండి, సూపిత్తాను."

సరేనన్నాను.

ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాను. తర్వాత రా ఫినిష్ అడిగిన వాళ్లందరినీ మార్కెట్‌కి పంపాను. డాలీగంజ్ నుంచి వచ్చిన లెక్చరర్‌ని, సిగ్గుతో తల ఎత్తని డ్రైవర్‌ని, పెళ్లి కావలసిన పిల్లని. ఆమె చేతులు కడుక్కుని, చీర ఎత్తి, గాట్లు పడ్డ కాలు చూపించి పంపేది. నా కాలు నాతోపాటే వర్క్‌షాపుకి వచ్చి, నాతోపాటే ఇంటికి పోయేది. నా పనిలో మచ్చలేనిది ఎవరూ చూడలేదు. గాట్లు పడ్డది ఊరంతా చూసింది. రిటైరైన రోజున దండ వేసి, మాస్టారు ఎందరికో ధైర్యం ఇచ్చారని మాట్లాడారు. కుర్చీలో కూర్చోలేకపోయాను.

మొన్న

ఇది రాయడం మొదలుపెట్టి, ఇక్కడిదాకా మా ఆవిడకి చదివి వినిపించాను. అంతా విని, "చదివేవాళ్లకి తర్వాత చెబుదురు గాని, ముందు ఆ అమ్మాయికి చెప్పి రండి" అంది.

మొన్న మార్కెట్‌కి వెళ్లాను. నూకరత్నం సురమై చేప కోస్తోంది. ఇద్దరు ముగ్గురు కొనేవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లు పోయాక చెబుదామనుకున్నాను. ఒకరు పోతే ఇంకొకరు వస్తున్నారు. ఇలా అయితే ఇంటికి పోవడమే అవుతుందని తెలిసి, వాళ్ల ముందే వంగి ఎడమ ప్యాంటు మోకాలి దాకా లాగాను.

ఆమె కత్తి ఆగింది. కాసేపు చూసింది.

"నాదాని కన్నా నున్నగా ఉన్నాదే" అంది. తర్వాత, "ఎప్పటిది మాస్టారూ?"

"నీదాని కన్నా ముందుది."

"అంటే ఆవేళ నేనడిగినప్పుడు?"

"వేసుకునే ఉన్నాను."

ఆమె మళ్లీ చేప కోయడం మొదలుపెట్టింది. ముక్కలు కోసింది, కడిగింది, సంచిలో వేసి కొనేవాడి చేతికిచ్చింది. అప్పటిదాకా నా వంక చూడలేదు.

"ఆ రంగు గీకినప్పుడు పీచు దిగి చేతులు ఎంత మండాయో తెలుసా? అన్నం కలుపుకోలేకపోనాను."

ప్యాంటు దించబోయాను.

"ఉండండి" అంది. వెనక్కి తిరిగి, రొయ్యల గంప దగ్గర కూర్చున్న ముసలావిడని పిలిచింది. "అత్తా, ఓపాలి ఇలా రా. మాస్టారు నీకొకటి సూపిత్తారు."

సింహాచలమ్మ వెంటనే లేవలేకపోయింది. ఆమెకీ మోకాళ్ల నొప్పులే. గంప పక్కకి జరిపి, గోడ పట్టుకుని లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆ తడి నేల మీద మెల్లగా నడిచి వచ్చేదాకా, ప్యాంటు అలాగే పైకి పట్టుకుని నిలబడ్డాను.